థీసిస్‌లో పేజీ నంబర్లు: ముందు రోమన్, తర్వాత 1, మధ్యలో అడ్డం పేజీలు. ఎక్కడ తప్పుతోంది?

ప్రశ్న

నమస్కారం అండీ. మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో ఒక పీహెచ్‌డీ థీసిస్, అంతా ఒకే ఫైలు, 287 పేజీలు. కావాల్సిన పద్ధతి ఇది: ముఖపత్రం మీద నంబరు కనపడకూడదు, లెక్కలోకి మాత్రం రావాలి. ధ్రువపత్రం నుంచి పట్టికల జాబితా దాకా చిన్న రోమన్ అంకెలు. మొదటి అధ్యాయం 1తో మొదలై ఆరో అధ్యాయం చివరి వరకు ఆగకుండా సాగాలి. అనుబంధాలు రెండు, వాటికి ఏ-1, ఏ-2, తర్వాత బి-1, బి-2. ప్రింటు కాగితానికి ఒకవైపే.

ఇప్పుడు జరుగుతున్నవి ఇవి. మొదటి అధ్యాయం ఫుటర్‌లో (పేజీ అడుగున నంబరు ఉండే చోటు) ఏం మార్చినా ముందు పేజీల ఫుటర్ కూడా మారిపోతోంది. మూడో అధ్యాయంలో వరసగా రెండు వెడల్పాటి పట్టికల కోసం పేజీలు అడ్డంగా తిప్పితే, అడ్డం పేజీ 1 అయింది, పట్టికలు అయ్యాక వచ్చే నిలువు పేజీ మళ్లీ 1. ప్రతి అధ్యాయం మొదటి పేజీలో నంబరే లేదు. 41 తర్వాత నేరుగా 43 వస్తోంది. వర్డ్ కింది పట్టీలో 287 పేజీలు, పీడీఎఫ్ చేస్తే 291. పోనీ అని అనవసరంగా ఉన్న ఒక సెక్షన్ బ్రేక్ (ఫైలుని సెక్షన్లనే భాగాలుగా విడగొట్టే గుర్తు) తీసేస్తే, దాని పైనున్న విషయసూచిక పేజీలు రోమన్ పోయి మామూలు అంకెల్లోకి వచ్చాయి. దేనితో మొదలుపెట్టి సరిచేయాలో చెప్పగలరా?

జవాబు 1

వీటిలో చాలావరకు ఒకే వేరు నుంచి వస్తున్నాయండీ. వర్డ్‌లో పేజీ నంబరు ఒక్క సెట్టింగు కాదు, మూడు. మూడూ సెక్షన్‌కి సెక్షన్‌కి వేరుగా ఉంటాయి, మూడూ కలిపి రెండు చోట్ల ఉంటాయి.

ఫుటర్‌లో ఏముంది అన్నది మొదటిది. దాన్ని పై సెక్షన్‌తో ముడిపెట్టేది ‘లింక్ టు ప్రీవియస్’. లెక్క ఎక్కడ మొదలవుతుంది అన్నది రెండోది. ‘ఫార్మాట్ పేజ్ నంబర్స్’ పెట్టెలో ‘కంటిన్యూ ఫ్రమ్ ప్రీవియస్ సెక్షన్’ లేదా ‘స్టార్ట్ ఎట్’ అని ఉండేది అదే. అంకె రోమనా మామూలా అన్నది మూడోది, అదే పెట్టెలో పైన ‘నంబర్ ఫార్మాట్’ అని ఉంటుంది. లింక్ తెంపితే లెక్క మారదు. లెక్క 1 నుంచి పెడితే లింక్ తెగదు. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుని ఒకదాన్ని మార్చి రెండోది మారాలని చూస్తారు, అక్కడే చిక్కు.

ముందు ఫైలు లోపల ఏముందో కళ్లకు కనపడేలా చేసుకోండి. కింది స్టేటస్ బార్ మీద కుడి క్లిక్ చేసి ‘సెక్షన్’, ‘ఫార్మాటెడ్ పేజ్ నంబర్’ రెండూ టిక్ పెట్టండి. ఇక కర్సర్ ఎక్కడ ఉంటే ఆ సెక్షన్ ఏదో, ఆ పేజీ మీద పడే నంబరు ఏదో కింద కనపడుతూ ఉంటుంది. తర్వాత వ్యూ ట్యాబ్‌లో డ్రాఫ్ట్‌కి వెళ్లండి. ప్రతి సెక్షన్ బ్రేకూ జంట చుక్కల గీతగా, మధ్యలో దాని రకం పేరుతో కనపడుతుంది. పై నుంచి కిందికి ఒక్కసారి చూసి, ఎన్ని సెక్షన్లు ఉన్నాయో, ఏది ఏ రకమో కాగితం మీద రాసుకోండి. ఈ పది నిమిషాల పని చేయకుండా ఫుటర్‌లో చేయి పెట్టకండి.

అడ్డం పేజీకి 1 ఎందుకు వచ్చిందంటే: ఒక సెక్షన్ మధ్యలో బ్రేక్ పెడితే, ఆ సెక్షన్ సెట్టింగులు రెండు ముక్కలకూ నకలు అవుతాయి. మీ మూడో అధ్యాయం ఉన్న సెక్షన్‌కి ‘స్టార్ట్ ఎట్ 1’ ఉంది, లేదా మొదటి అధ్యాయం సెక్షన్ నుంచి విడగొట్టినప్పుడు అది వెంట వచ్చింది. పట్టికల ముందొక బ్రేక్, వెనకొక బ్రేక్ పెట్టగానే మూడు ముక్కలకూ ‘1 నుంచి మొదలు’ అనే మాట అంటుకుంది. అడ్డం సెక్షన్‌లో ఒకసారి, దాని తర్వాతి సెక్షన్‌లో ఒకసారి ‘కంటిన్యూ ఫ్రమ్ ప్రీవియస్ సెక్షన్’ ఎంచుకుంటే చాలు.

అధ్యాయం మొదటి పేజీలో నంబరు పోవడం కూడా ఇలాంటి నకలే. ముఖపత్రం కోసం ‘డిఫరెంట్ ఫస్ట్ పేజ్’ టిక్ పెట్టి ఉంటారు. ఆ టిక్ సెక్షన్‌ది. దాన్నుంచి విడగొట్టిన ప్రతి సెక్షన్‌కీ అది వెళ్లింది, కాబట్టి ప్రతి అధ్యాయానికీ మొదటి పేజీ ఫుటర్ వేరుగా, ఖాళీగా ఉంది. అధ్యాయాల సెక్షన్లలో ఆ టిక్ తీసేయండి. ఒకటి గుర్తుంచుకోండి: ‘డిఫరెంట్ ఫస్ట్ పేజ్’ సెక్షన్‌కి సంబంధించినది, ‘డిఫరెంట్ ఆడ్ అండ్ ఈవెన్ పేజెస్’ మాత్రం మొత్తం ఫైలుకి. ఒకవైపు ప్రింటుకి ఈ రెండోది అక్కర్లేదు, ఉంటే తీసేయండి.

ఇక బ్రేక్ తీసేస్తే పైన రోమన్ పోవడం. వర్డ్‌లో సెక్షన్ సెట్టింగులు దాని తలలో ఉండవు, తోకలో ఉంటాయి. అంటే సెక్షన్ చివరనున్న బ్రేక్ గుర్తులోనే ఆ సెక్షన్ మార్జిన్లు, ఫుటర్, లెక్క అన్నీ దాగి ఉంటాయి. ఆ గుర్తును చెరిపితే పై భాగానికి సొంత సెట్టింగులు ఉండవు, కింది సెక్షన్‌లో కలిసిపోయి దాని రూపం తెచ్చుకుంటుంది. ఫైలు మొత్తానికి చివరి సెక్షన్ సెట్టింగులు ఆఖరి పేరా గుర్తులో ఉంటాయి.

అందుకని బ్రేక్ తీయాల్సి వస్తే వరస ఇది. మొదట కింది సెక్షన్‌లో హెడర్‌కీ ఫుటర్‌కీ ‘లింక్ టు ప్రీవియస్’ విడిగా తీసేయండి, రెండూ రెండు మీటలు. తర్వాత కింది సెక్షన్ నంబర్ ఫార్మాట్, స్టార్ట్ ఎట్, మార్జిన్లు అన్నీ పైదానికి ఎలా ఉండాలో అలా పెట్టండి. ఆ తర్వాతే బ్రేక్ చెరపండి. ఉదాహరణకు ఒకటో అధ్యాయానికీ రెండో అధ్యాయానికీ మధ్య బ్రేక్ తీయాలంటే, రెండో అధ్యాయానికి లింక్ తెంపి ‘స్టార్ట్ ఎట్ 1’ ముందే ఇవ్వాలి. ఇవ్వకుండా చెరిపితే, కలిసిన సెక్షన్ ముందు పేజీల లెక్కను కొనసాగిస్తుంది, ముందు పేజీలు 14 అయితే మొదటి అధ్యాయం 15వ పేజీతో మొదలవుతుంది.

నిజానికి మీ థీసిస్‌కి అధ్యాయానికో సెక్షన్ అవసరమే లేదు. అధ్యాయం కొత్త పేజీలో మొదలవ్వాలంటే ‘హెడింగ్ 1’ స్టైల్‌ని మాడిఫై చేసి, పేరాగ్రాఫ్‌లో ‘లైన్ అండ్ పేజ్ బ్రేక్స్’ కింద ‘పేజ్ బ్రేక్ బిఫోర్’ టిక్ పెడితే సరిపోతుంది. పేజీ పైన అధ్యాయం పేరు రావాలన్నా సెక్షన్లు అక్కర్లేదు. హెడర్‌లో ‘స్టైల్‌రెఫ్’ ఫీల్డ్ పెట్టి హెడింగ్ 1 ఎంచుకుంటే ఆ పేజీకి వర్తించే అధ్యాయం పేరు దానంతట అదే వస్తుంది. అప్పుడు మీకు కావాల్సిన సెక్షన్లు ఆరే:

1. ముఖపత్రం నుంచి పట్టికల జాబితా వరకు: రోమన్, డిఫరెంట్ ఫస్ట్ పేజ్ టిక్.
2. మొదటి అధ్యాయం నుంచి అడ్డం పట్టికల ముందు వరకు: మామూలు అంకెలు, స్టార్ట్ ఎట్ 1, లింక్ తెంపి.
3. అడ్డం పట్టికలు: కంటిన్యూ.
4. పట్టికల తర్వాత నుంచి ఆరో అధ్యాయం చివరి వరకు: కంటిన్యూ.
5. అనుబంధం ఏ: స్టార్ట్ ఎట్ 1.
6. అనుబంధం బి: స్టార్ట్ ఎట్ 1.

అంకె రూపం ఆరింటికీ విడివిడిగా చూసుకోవాలి. రోమన్ పెట్టిన సెక్షన్ నుంచి విడగొట్టినది రోమన్‌గానే పుడుతుంది.

జవాబు 2

పై వివరణకు చేర్పు, నంబరు పెట్టే తీరు గురించి. ఇన్సర్ట్‌లో పేజ్ నంబర్ నొక్కి ‘బాటమ్ ఆఫ్ పేజ్’ కింద ఉన్న నమూనాల్లోంచి ఒకటి ఎంచుకుంటే, ఫుటర్‌లో అప్పటిదాకా ఉన్నదంతా తుడిచిపెట్టి ఆ నమూనా వచ్చి కూర్చుంటుంది. దాని బదులు ఫుటర్‌లో కర్సర్ పెట్టి ‘కరెంట్ పొజిషన్’ కింద ‘ప్లెయిన్ నంబర్’ ఎంచుకోండి. నంబరు ఫీల్డ్ ఒక్కటే చేరుతుంది, మిగతాది చెదరదు.

అడ్డం పేజీలు. లింక్‌లో ఉన్న ఫుటర్‌ని మార్చబోయే ముందు దాని కింది సెక్షన్‌ని విడదీయాలి. మీ లెక్కలో ముందు 4వ సెక్షన్‌లో లింక్ తీయండి, తర్వాత 3వ సెక్షన్‌లో. ఈ వరస తప్పి 3 మాత్రమే విడదీసి అందులో మార్పు చేస్తే, 4 దాన్నే అనుసరిస్తూ నిలువు పేజీల్లో కూడా నంబరు పక్కకు వాలుతుంది.

అడ్డం పేజీలో నంబరు మధ్యలోకి రాకపోవడానికి కారణం ట్యాబ్ స్టాపులు, అంటే ట్యాబ్ మీట నొక్కితే కర్సర్ వెళ్లి ఆగే చోట్లు. ఫుటర్ స్టైల్‌లో మధ్య ట్యాబ్ సుమారు 8 సెం.మీ. దగ్గర, కుడి ట్యాబ్ సుమారు 16 సెం.మీ. దగ్గర పాతేసినట్టు ఉంటాయి. ఏ4 నిలువు వెడల్పు 21 సెం.మీ., అడ్డం వెడల్పు 29.7 సెం.మీ. కాగితం వెడల్పయినా ట్యాబ్ కదలదు. హెడర్ అండ్ ఫుటర్ ట్యాబ్‌లో ‘ఇన్సర్ట్ అలైన్‌మెంట్ ట్యాబ్’ అని ఉంటుంది. అందులో సెంటర్, మార్జిన్‌కి సంబంధించి అని ఎంచుకుంటే కాగితం ఎటు తిప్పినా నంబరు మధ్యలోనే ఉంటుంది.

కానీ బైండింగ్ చేసే థీసిస్‌లో చాలాచోట్ల అడిగేది వేరు. పుస్తకం నిలువుగా పట్టుకుని పేజీలు తిప్పుతుంటే, అడ్డం పేజీ మీద కూడా నంబరు మిగతా పేజీల్లో ఉన్న చోటే, నిటారుగా కనపడాలి. అడ్డం పేజీ పైఅంచు బైండింగ్ వైపు వెళ్తుంది. అప్పుడు పుస్తకం కింది అంచు అయ్యేది అడ్డం పేజీ ఎడమ అంచు. కాబట్టి నంబరు ఎడమ అంచు మధ్యలో, 90 డిగ్రీలు కుడికి తిరిగి ఉండాలి.

3వ సెక్షన్ హెడర్ తెరవండి. కర్సర్ హెడర్ లోపల ఉండగానే ఇన్సర్ట్ నుంచి ఒక చిన్న టెక్స్ట్ బాక్స్ గీయండి, సుమారు 1 సెం.మీ. వెడల్పు, 2 సెం.మీ. ఎత్తు. అందులో కరెంట్ పొజిషన్ పద్ధతిలో పేజీ నంబరు పెట్టండి. టెక్స్ట్ డైరెక్షన్‌లో ‘రొటేట్ ఆల్ టెక్స్ట్ 90’ ఎంచుకోండి, 270 కాదు. లేఅవుట్ ఆప్షన్లలో అడ్డం స్థానం ‘పేజ్’ నుంచి 1.27 సెం.మీ., నిలువు స్థానం ‘పేజ్’కి సంబంధించి సెంటర్డ్. బాక్స్ గీత, రంగు తీసేయండి. ఆ సెక్షన్ ఫుటర్‌లో పాత నంబరు చెరిపేయండి, లేకపోతే రెండు నంబర్లు వస్తాయి. బాక్స్ హెడర్‌కి కట్టి ఉంటుంది కనుక రెండో పట్టిక పేజీకీ అదే వస్తుంది.

మార్జిన్లు కూడా ఒకసారి చూసుకోండి. నిలువు పేజీలకు బైండింగ్ కోసం ఎడమ 1.5 అంగుళాలు పెట్టి ఉంటే, అడ్డం సెక్షన్‌లో ఆ 1.5 పైన ఉండాలి. పేజ్ సెటప్ పెట్టెలో అడుగున ‘అప్లై టు’ దగ్గర ‘దిస్ సెక్షన్’ ఉందో లేదో చూసి ఓకే నొక్కండి. అక్కడ ‘హోల్ డాక్యుమెంట్’ ఉంటే 287 పేజీలూ పక్కకు తిరుగుతాయి.

ప్రశ్న అడిగినవారు

చాలా కృతజ్ఞతలండీ. ‘తోకలో ఉంటాయి’ అన్న మాటతో బ్రేక్ సంగతి అర్థమైంది. 42 ఎక్కడికి పోయింది, పీడీఎఫ్‌లో ఆ నాలుగు పేజీలు ఎక్కడివి అన్నది ఇంకా తేలలేదు. అనుబంధాల నంబర్ల ముందు ‘ఏ-’ అని ఫుటర్‌లో చేత్తో టైప్ చేస్తే, పేజీ మీద ఏ-1 సరిగ్గానే వస్తోంది, విషయసూచికలో మాత్రం ఉత్త 1 అని పడుతోంది.

జవాబు 1

42, ఆ నాలుగు పేజీలు: రెండూ ఒకటే. మీ అధ్యాయాల మధ్య బ్రేకులు ‘ఆడ్ పేజ్’ రకం అయి ఉంటాయి. ఆ రకం కొత్త సెక్షన్‌ని తప్పకుండా బేసి నంబరు పేజీలో మొదలుపెడుతుంది. పై అధ్యాయం 41తో ముగిస్తే, 42 సరిసంఖ్య కనుక దాన్ని ఖాళీగా వదిలి 43 మీదకు వెళ్తుంది. ఆ ఖాళీ పేజీని తెర మీద వర్డ్ చూపించదు, ప్రింటులోనూ పీడీఎఫ్‌లోనూ మాత్రమే పెడుతుంది. అలాంటివి మీకు నాలుగు పడ్డాయి. 287కి నాలుగు కలిపితే 291. ఆ ఖాళీ పేజీ మీద హెడర్, ఫుటర్ ఏదీ పడదు.

రెండువైపులా ప్రింటు చేసే పుస్తకానికి ఇది మంచి పద్ధతే, అధ్యాయం ఎప్పుడూ కుడి పేజీలో మొదలవుతుంది. ఒకవైపు ప్రింటుకి మాత్రం వట్టి కాగితాలు వస్తాయి. పైన చెప్పినట్టు అధ్యాయాల బ్రేకులు తీసేస్తే సమస్యే ఉండదు. ఉంచాలనుకుంటే బ్రేక్ చెరిపి కొత్తది పెట్టకండి. కొత్త అధ్యాయం లోపల కర్సర్ పెట్టి, పేజ్ సెటప్ పెట్టె తెరిచి, లేఅవుట్ ట్యాబ్‌లో ‘సెక్షన్ స్టార్ట్’ దగ్గర ‘న్యూ పేజ్’ ఎంచుకోండి. బ్రేక్ గీత పై అధ్యాయం చివర కనపడుతుంది గానీ, అది ఏ రకమన్నది కింది సెక్షన్ సెట్టింగు. చాలామంది పై అధ్యాయంలో కర్సర్ పెట్టి మార్చి, ఏమీ మారలేదనుకుంటారు.

జవాబు 3

అనుబంధాల సంగతి. ఫుటర్‌లో చేత్తో టైప్ చేసిన ‘ఏ-’ వర్డ్‌కి ఉత్త అక్షరాలు. విషయసూచిక అడిగేది పేజీ నంబరుని, ఫుటర్‌లో దాని పక్కన ఏముందో దానికి పట్టదు. అక్షరం కూడా నంబరులో భాగం కావాలంటే ‘ఫార్మాట్ పేజ్ నంబర్స్’లో ‘ఇంక్లూడ్ చాప్టర్ నంబర్’ టిక్ పెట్టాలి. అది పనిచేయాలంటే అనుబంధం శీర్షిక ఆటోమేటిక్ నంబరింగ్ ఉన్న హెడింగ్ స్టైల్‌లో ఉండాలి. ఆ పెట్టె హెడింగ్ 1 నుంచి 9 వరకే చూపిస్తుంది, మీరు సొంతంగా చేసుకున్న స్టైల్ అందులో కనపడదు.

అధ్యాయాలకు హెడింగ్ 1 వాడుకున్నారు కనుక అనుబంధాలకు ఎవరూ ముట్టుకోని హెడింగ్ 7 తీసుకోండి. హోమ్ ట్యాబ్‌లో మల్టీలెవల్ లిస్ట్, ‘డిఫైన్ న్యూ మల్టీలెవల్ లిస్ట్’ తెరవండి. కొత్త జాబితా బదులు అధ్యాయాలకు వాడుతున్న జాబితా మీద కర్సర్ పెట్టి తెరిస్తే దాన్నే మార్చుకోవచ్చు. 7వ స్థాయి ఎంచుకుని, ‘లింక్ లెవల్ టు స్టైల్’లో హెడింగ్ 7 ఇవ్వండి. నంబర్ స్టైల్ పెద్ద అక్షరాలు ఏ, బి, సి. నంబరు పెట్టెలో పై స్థాయిల అంకెలు ఏవైనా ఉంటే చెరిపి, అక్షరం ముందు ‘అనుబంధం’ అని టైప్ చేసుకోవచ్చు. ‘రీస్టార్ట్ లిస్ట్ ఆఫ్టర్’ టిక్ తీసేయండి.

తర్వాత 5, 6 సెక్షన్లలో ‘ఇంక్లూడ్ చాప్టర్ నంబర్’, హెడింగ్ 7, మధ్యలో హైఫన్, స్టార్ట్ ఎట్ 1. ఫుటర్‌లో చేత్తో కొట్టిన ‘ఏ-’ చెరిపేయండి, లేకపోతే రెండుసార్లు వస్తుంది. విషయసూచిక మామూలుగా మూడు స్థాయిల వరకే తీసుకుంటుంది. ‘కస్టమ్ టేబుల్ ఆఫ్ కంటెంట్స్’లో ఆప్షన్స్ తెరిచి హెడింగ్ 7 పక్కన 1 వేయండి. ఇక విషయసూచికలో ఏ-1, బి-1 అని పడతాయి.

జవాబు 4

అన్నీ సరిచేశాక కూడా విషయసూచిక ఒకటి రెండు పేజీలు తేడా చూపితే, తప్పు నంబర్లది కాదు, పేజీలు విరిగే చోటు మారింది. దానికి మూడు కారణాలు తరచూ కనపడతాయి.

హిడెన్ టెక్స్ట్ తెర మీద చూపిస్తూ ఉండగా విషయసూచికను అప్‌డేట్ చేయడం మొదటిది. చివర్లో పదసూచిక కోసం పెట్టిన గుర్తులన్నీ హిడెన్ టెక్స్టే. పేరా గుర్తుల మీట నొక్కి ఉంటే అవి చోటు ఆక్రమించి పేజీలను కిందికి తోస్తాయి. ప్రింటులో అవి ఉండవు, పేజీలు వెనక్కి వస్తాయి. కంట్రోల్+షిఫ్ట్+8తో గుర్తులు దాచి, ఆ తర్వాత విషయసూచికలో ఎఫ్9 నొక్కండి. శీర్షికలేవీ మారకపోతే ‘అప్‌డేట్ పేజ్ నంబర్స్ ఓన్లీ’ చాలు. ఏదైనా శీర్షిక చేర్చినా తీసేసినా మొత్తం పట్టిక అప్‌డేట్ చేయాలి. చేయకపోతే తీసేసిన శీర్షిక దగ్గర ‘ఎర్రర్, బుక్‌మార్క్ నాట్ డిఫైన్డ్’ అని ముద్రణ దాకా వెళ్లిపోతుంది.

దిద్దుబాట్ల జాడ చూపించే ట్రాక్ చేంజెస్ రెండోది. చెరిపినవి కూడా తెర మీద గీత కొట్టి ఉంటే అవీ చోటు తింటాయి. మార్పులన్నీ యాక్సెప్ట్ చేశాకే ఆఖరి విషయసూచిక.

మూడోది ఫాంట్, తెలుగు థీసిస్‌కి ఇదే పెద్దది. మీ కంప్యూటర్‌లో గౌతమిలో ఉన్న ఫైలు డీటీపీ సెంటర్ కంప్యూటర్‌లో వేరే ఫాంట్‌లో తెరుచుకుంటే, వరస ఎత్తు మారి పేజీలన్నీ జరుగుతాయి. విండోస్ 10 నుంచి గౌతమి, వాణి ఫాంట్లు మొదటి నుంచీ ఉండవు. ఆప్షనల్ ఫీచర్స్‌లో తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ విడిగా వేసుకోవాలి. వేయని కంప్యూటర్‌లో వాటి బదులు ఇంకోటి వస్తుంది. కాబట్టి ప్రింటుకి వర్డ్ ఫైలు ఇవ్వకండి, మీ దగ్గరే పీడీఎఫ్ చేసి ఇవ్వండి. వర్డ్ ఫైలే ఇవ్వక తప్పకపోతే ఫైల్, ఆప్షన్స్, సేవ్‌లో ‘ఎంబెడ్ ఫాంట్స్ ఇన్ ది ఫైల్’ టిక్ పెట్టండి.

ఫాంట్ మాట వచ్చింది కనుక ఇంకొకటి. యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్‌లో టైప్ చేసిన థీసిస్‌లో, ముందు పేజీల్లో రోమన్ అంకెల బదులు విరిగిన తెలుగు ముక్కలు కనపడితే నంబరింగ్ పాడైనట్టు కాదు. ఆ ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు పొదిగి ఉంటాయి. చిన్న రోమన్ అంకెలు ఇంగ్లీషు అక్షరాలే కాబట్టి అలా మారిపోతాయి. ఫుటర్ స్టైల్ ఫాంట్‌ని టైమ్స్ న్యూ రోమన్ చేయండి. కనపడ్డ ఒక్క నంబరుని ఎంచుకుని మార్చడం కాదు, స్టైల్‌లోనే మార్చాలి.

జవాబు 5

లిబ్రాఫీస్ రైటర్ వాడేవాళ్ల కోసం. అక్కడ పై లెక్కంతా పనికిరాదు, ఎందుకంటే రైటర్‌లో పేజీ నంబర్లకూ సెక్షన్లకూ సంబంధం లేదు. అన్నీ పేజీ స్టైల్స్‌లో ఉంటాయి. వర్డ్ అలవాటుతో సెక్షన్ కోసం వెతికితే దొరికేది వేరే వస్తువు.

ముందు పేజీలకు ఒక పేజీ స్టైల్ కొత్తగా చేసుకోండి. దాని పేజ్ ట్యాబ్‌లో ‘పేజ్ నంబర్స్’ దగ్గర చిన్న రోమన్ ఎంచుకోండి, ఫుటర్ ఆన్ చేసి ఆ ఫుటర్‌లో పేజీ నంబరు ఫీల్డ్ పెట్టండి. అధ్యాయాలకు ‘డిఫాల్ట్ పేజ్ స్టైల్’, అడ్డం పట్టికలకు రైటర్‌తోనే వచ్చే ‘ల్యాండ్‌స్కేప్’ స్టైల్. ఫుటర్ ప్రతి స్టైల్‌కీ వేరు, మూడింట్లోనూ పెట్టాలి. ముఖపత్రానికి ‘ఫస్ట్ పేజ్’, ఫుటర్ లేకుండా. దాని జనరల్ (పాత వెర్షన్లలో ఆర్గనైజర్) ట్యాబ్‌లో ‘నెక్స్ట్ స్టైల్’ మీ రోమన్ స్టైల్ అని పెడితే రెండో పేజీ నుంచి అదే అందుకుంటుంది.

మొదటి అధ్యాయం ముందు కర్సర్ పెట్టి ఇన్సర్ట్, ‘మాన్యువల్ బ్రేక్’, పేజ్ బ్రేక్, స్టైల్ డిఫాల్ట్, ‘చేంజ్ పేజ్ నంబర్’ టిక్ పెట్టి 1. అడ్డం పట్టిక ముందు బ్రేక్‌లో ల్యాండ్‌స్కేప్, వెనక బ్రేక్‌లో డిఫాల్ట్. ఈ రెండింట్లో ‘చేంజ్ పేజ్ నంబర్’ టిక్ పెట్టకూడదు. ఈ సెట్టింగు బ్రేక్ తర్వాతి పేరాలో నిలుస్తుంది, పేరాగ్రాఫ్ పెట్టెలో టెక్స్ట్ ఫ్లో ట్యాబ్‌లో చూడొచ్చు. ఆ పేరాని మొత్తంగా చెరిపితే బ్రేక్, దానితో పాటు 1 నుంచి మొదలవ్వడం కూడా పోతాయి.

రైటర్‌లో అందరూ పడే గుంట ‘ఆఫ్‌సెట్’. ముందు 14 పేజీలు ఉన్నాయి కదా అని నంబరు ఫీల్డ్‌కి ఆఫ్‌సెట్ మైనస్ 14 ఇస్తారు. ఆఫ్‌సెట్ లెక్కను జరపదు, మీరు ఇచ్చినన్ని పేజీల అవతలున్న పేజీ నంబరుని చూపిస్తుంది. అలాంటి పేజీ లేకపోతే ఏమీ చూపదు. ప్లస్ 3 ఇస్తే చివరి మూడు పేజీల్లో నంబరు మాయమయ్యేది అందుకే. ఆఫ్‌సెట్‌ని 0 చేసి బ్రేక్‌తోనే పని చేయించండి.

రైటర్‌లో బేసి పేజీ కుడివైపు, సరి పేజీ ఎడమవైపు. ముందు పేజీలు 13తో ఆగి అధ్యాయం 1తో మొదలైతే రెండు బేసి పేజీలు పక్కపక్కన వస్తాయి కనుక మధ్యలో ఖాళీ పేజీ తానే చేరుస్తుంది. అక్కర్లేకపోతే పీడీఎఫ్ ఎక్స్‌పోర్ట్ పెట్టెలో ‘ఎక్స్‌పోర్ట్ ఆటోమేటికల్లీ ఇన్సర్టెడ్ బ్లాంక్ పేజెస్’ టిక్ తీయండి. ప్రింటుకి ఇలాంటిదే ఇంకో టిక్ ఆప్షన్స్‌లో రైటర్ కింద ఉంటుంది.

జవాబు 6

అధ్యాయాలు వేర్వేరు ఫైళ్లలో ఉన్నవాళ్లకి: వర్డ్‌లోని మాస్టర్ డాక్యుమెంట్ జోలికి వెళ్లకపోవడమే మేలు. సబ్‌డాక్యుమెంట్లు తెరిచి మూసే కొద్దీ సెక్షన్ బ్రేకులు పేరుకుని ఫైలు చెడే అవకాశం ఎక్కువ. ఇన్సర్ట్, ఆబ్జెక్ట్, ‘టెక్స్ట్ ఫ్రమ్ ఫైల్’తో ఒక ఫైలుగా కలపండి. ఏదైనా ఫైలు తన ఫుటర్‌ని, అడ్డం పేజీని వెంట తెచ్చుకోవాలంటే, కలపడానికి ముందు దాని చివర ఒక సెక్షన్ బ్రేక్ పెట్టి సేవ్ చేయండి. ఆఖరి సెక్షన్ సెట్టింగులు చివరి పేరా గుర్తులో ఉంటాయని పైన చెప్పారు కదా, కలిపేటప్పుడు ఆ గుర్తులోని సెట్టింగులు రావు.

ప్రశ్న అడిగినవారు

ఆరు సెక్షన్లకు తెచ్చానండీ, నంబర్లు వరసలో పడ్డాయి. 291 పోయి పీడీఎఫ్‌లోనూ 287 వచ్చింది. చివరిగా ఒకటి: సంక్షిప్త ప్రతిలో ‘ఇన్నింటిలో ఇన్నో పేజీ’ అని అధ్యాయాల వరకే రావాలట. మొత్తం పేజీల ఫీల్డ్ పెడితే ముందు పేజీలు, అనుబంధాలు కలిపి చూపిస్తోంది. అలాగే ఒక్క అనుబంధం బి మాత్రం ప్రింటు తీయాలంటే పేజీలు 1 నుంచి 6 అని ఇస్తే ఏవి వస్తాయో తెలియడం లేదు.

జవాబు 3

మొత్తం పేజీల ఫీల్డ్ ‘నమ్‌పేజెస్’ ఫైలు అంతా లెక్కిస్తుంది. ‘సెక్షన్‌పేజెస్’ ఒక్క సెక్షన్‌నే లెక్కిస్తుంది, మీ అధ్యాయాలు మూడు సెక్షన్లలో ఉన్నాయి కనుక అదీ కుదరదు. ఆరో అధ్యాయం ఆఖరి వరసలో కర్సర్ పెట్టి ఇన్సర్ట్, బుక్‌మార్క్‌లో ఖాళీ లేని ఇంగ్లీషు పేరు ఒకటి ఇవ్వండి. ఫుటర్‌లో మొత్తం రావాల్సిన చోట ఇన్సర్ట్, క్విక్ పార్ట్స్, ఫీల్డ్‌లో ‘పేజ్‌రెఫ్’ ఎంచుకుని ఆ బుక్‌మార్క్ చూపండి. ఆ పేజీ మీద ఏ నంబరు పడుతుందో అదే మొత్తంగా వస్తుంది. చివరి వరస తిరగరాస్తే బుక్‌మార్క్ చెరిగిపోవచ్చు. పీడీఎఫ్ చేసే ముందు ఫుటర్ తెరిచి ఎఫ్9 నొక్కి చూసుకోండి.

ప్రింటుకి పేజీ నంబరుతో పాటు సెక్షన్ నంబరు కూడా ఇవ్వాలి. పేజెస్ గడిలో ఇంగ్లీషు చిన్న అక్షరాలు పి, ఎస్ వాడి పి1ఎస్6-పి6ఎస్6 అని, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టండి. 6వ సెక్షన్‌లోని 1 నుంచి 6 మాత్రమే వస్తాయి. కంట్రోల్+జి నొక్కి పి1ఎస్6 అని ఇచ్చినా నేరుగా అక్కడికే వెళ్తుంది. పీడీఎఫ్ నుంచి ప్రింటు తీసేవాళ్లకి మాత్రం ఇది వర్తించదు. అక్కడ పై గడిలో కనపడే అంకె మొదటి పేజీ నుంచి వరస లెక్క. రోమన్ పేజీలు 14 ఉంటే మీ 1వ పేజీ అక్కడ 15 అవుతుంది, కావాల్సిన నంబరుకు 14 కలిపి ఇవ్వమని డీటీపీ వారికి చెప్పండి.